సౌరజ్వాల

సౌరజ్వాల అనగా సూర్యుని వాతావరణంలో అయస్కాంత క్షేత్రాలలో నిలవ ఉన్న శక్తి హఠాత్తుగా విడుదల కావడం వలన ఏర్పడే విస్ఫోటనం. ఇది కొన్ని నిమిషాల నుండి కొన్ని గంటల వరకు ఉంటుంది. సౌరజ్వాలలు ఎప్పుడు ఎక్కువగా వస్తాయో స్థూలంగా తెలిసినప్పటికీ, ఒక నిర్దిష్టమైన జ్వాల వెలువడే సమయాన్ని కచ్చితంగా ముందుగా చెప్పడం ఇంతవరకు సాధ్యపడలేదు.

చరిత్ర

1859 సెప్టెంబరు 1న ఇంగ్లాండులో రిచర్డ్ కారింగ్టన్, రిచర్డ్ హాడ్జ్‌సన్ వేర్వేరుగా మొట్టమొదటి సౌరజ్వాలను గమనించారు. మరునాడు భూమిపై తీవ్రమైన అయస్కాంత తుఫాను ఏర్పడి, పలు దేశాలలో టెలిగ్రాఫు వ్యవస్థ దెబ్బతిన్నది.

వర్గీకరణ

వెలువడే ఎక్స్-కిరణాల తీవ్రతను బట్టి జ్వాలలను ఎ, బి, సి, ఎం, ఎక్స్ అను ఐదు తరగతులుగా విభజించారు. ఒక్కొక్క తరగతి దాని ముందు తరగతి కంటే పది రెట్లు తీవ్రమైనది.

ఆవర్తన క్రమం

సూర్యుని మచ్చల సంఖ్య ఒక క్రమంలో పెరిగి తగ్గుతుందని హెన్రిక్ ష్వాబే 1843లో ప్రకటించాడు. ఈ చక్రం సగటున 11 సంవత్సరాలు. జ్వాలల సంఖ్య కూడా దీనినే అనుసరిస్తుంది. 25వ సౌరచక్రం 2019 డిసెంబరులో మొదలైంది. అది గరిష్ఠ దశకు చేరినట్లు 2024 అక్టోబరులో ప్రకటించారు. అయితే పెద్ద జ్వాలలు గరిష్ఠ దశ దాటిన తరువాత కూడా రావచ్చు. 23వ చక్రం తగ్గుముఖం పట్టిన తరువాత, 2003 నవంబరు 4న వెలువడిన జ్వాల ఉపగ్రహ పరికరాల కొలత పరిమితిని మించిపోయింది. 1984లో సుమారు 154 రోజుల ఆవృత్తిని కూడా గుర్తించారు గాని, అది అన్ని చక్రాలలోనూ కనిపించదు.

అంచనా

మచ్చల సమూహంలో ఉత్తర, దక్షిణ అయస్కాంత ధ్రువాలు దగ్గరగా చిక్కుపడి ఉంటే జ్వాలకు అవకాశం ఎక్కువ. అందుచేత రాబోయే ఒకటి నుండి మూడు రోజులకు అంచనాలను శాతాలలో ఇస్తారు. 30 శాతం అవకాశం అన్న రోజున జ్వాల రాకపోతే అంచనా తప్పినట్లు కాదు. అటువంటి పది రోజులలో సుమారు మూడు రోజులు జ్వాల రావాలని దాని అర్థం.

జ్వాల నుండి వచ్చే కిరణాలు భూమిని సుమారు 8 నిమిషాలలో చేరి, పగటి వైపున హ్రస్వతరంగ రేడియో ప్రసారాలకు అంతరాయం కలిగిస్తాయి. జ్వాల కంటికి కనిపించేసరికే దాని ప్రభావం మొదలవుతుంది కనుక అప్పుడు హెచ్చరించే వ్యవధి ఉండదు. జ్వాలతో పాటు ఒక్కొక్కసారి ఎగసిపడే ప్లాస్మా మేఘం మాత్రం సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులకు చేరుతుంది. అందువలన ఉపగ్రహాలను, విద్యుత్ వ్యవస్థలను కాపాడుకొనుటకు కొంత వ్యవధి లభిస్తుంది.

ఆదిత్య-ఎల్1

భారతదేశపు సౌర పరిశోధన నౌక ఆదిత్య-ఎల్1ను ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న ప్రయోగించారు. ఇది భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని కక్ష్యకు 2024 జనవరి 6న చేరింది. అక్కడి నుండి సూర్యుని గ్రహణాల అడ్డు లేకుండా చూడవచ్చు. ఇందులోని సోలెక్స్, హెలియోస్ పరికరాలు జ్వాలల ఎక్స్-కిరణాలను కొలుస్తాయి. 2024 ఫిబ్రవరి 22 నాటి ఎక్స్6.3 తరగతి జ్వాలను ఇందులోని అతినీలలోహిత దూరదర్శిని చిత్రీకరించింది.