కోనసముద్రం ఉక్కుకు ఒక్క మార్కేనా?

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ అభ్యర్థులకు తెలంగాణ చరిత్ర చెబుతాను. పాఠమైపోగానే చాలామంది చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకే వెళ్లి కూర్చుంటారు. వాళ్ల నోట్సుల్లో కోనసముద్రానికి దక్కింది ఒక్క వాక్యం: డమాస్కస్ కత్తులకు ఉక్కు పంపిన ఊరు. అది ఒక మార్కు ప్రశ్న. దాన్ని కంఠతా పట్టే పిల్లల్లో ఆర్మూర్ వాళ్లున్నారు, మెట్‌పల్లి వాళ్లున్నారు, నిర్మల్ వాళ్లున్నారు. అది వాళ్ల ఇంటిపక్క ఊరు. అందుకే క్లాసులో చెప్పడానికి టైమ్ చాలనిది ఇక్కడ రాస్తున్నాను.

కోనసముద్రం నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో ఉంది. ఇప్పుడు చూస్తే పసుపు, మక్క, వరి పండే మామూలు పల్లె. మా అమ్మమ్మ వాళ్లది ఆ చుట్టుపక్కల ఊరే. మామయ్య చెలక సాపు చేస్తుంటే నాగలికి నల్లటి, బరువైన చిట్టెం గడ్డలు తగిలేవి. వాటిని తట్టలకెత్తి గట్టు మీద పోసేవాడు. ఇవేంటివి మామా అని అడిగితే, "గియ్యి ఎన్కట కమ్మరోళ్ల కొలుములయి బిడ్డా" అని మళ్లీ నాగలి పట్టేవాడు. ఆ గడ్డలు ఎంత దూరపు కథ చెబుతాయో నాకు చాలా ఏళ్ల తర్వాత, పుస్తకాల్లో తెలిసింది.

పదిహేడో శతాబ్దంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియె, నీటి అలల్లాంటి గీతలు తేలే కత్తికి గోల్కొండ రాజ్యం నుంచి వచ్చే ఉక్కే కావాలని రాశాడు. ఆ ఉక్కు బిళ్లలుగా వచ్చేదనీ, ఒక బిళ్లను రెండుగా కోస్తే రెండు కత్తులయ్యేవనీ చెప్పాడు. ఆ బిళ్లల తయారీని దగ్గరుండి చూసి రాసినవాడు హెన్రీ వోయ్సీ. దేశాన్ని కొలవడానికి లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఆయన 1824లో చనిపోయాడు. కోనసముద్రం మీద ఆయన రాసుకున్నది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆ పని ఒక్క ఊరిది అనుకోవద్దు. నిర్మల్ వైపు దిమ్మదుర్తిలో రాయిని దంచి, నీళ్లలో కడిగి, అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుకను వేరు చేసేవారు. దాన్ని బొగ్గుతో కాల్చి ఇనుము తీసేవారు. కోనసముద్రం కమ్మరులు ఒకే రకం ఇనుముతో సరిపెట్టుకోలేదు. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్లుగా కలిపేవారు. అసలు విద్య ఇక్కడే ఉంది. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. కర్బనం ఎక్కువున్న ఇనుము అంతకన్నా చాలా ముందే కరుగుతుంది. కరిగి, పక్కనున్న మెత్తని ఇనుముకు తన కర్బనం పంచుతుంది. మైసూరు, సేలం వైపు మూసలో ఇనుముతో పాటు కట్టె ముక్కలు, ఆకులు పెట్టి కర్బనం ఎక్కించేవారు. మన దక్కను పద్ధతి వేరు. లోహశాస్త్రజ్ఞులు ఇప్పటికీ దానికి హైదరాబాద్ పద్ధతి అనే పేరే వాడతారు.

మూస కూడా మామూలు కుండ మట్టితో నిలవదు. మట్టిలో వడ్ల ఊక దండిగా కలిపి చేసేవారు. ఊక కాలితే మిగిలే సిలికా, కర్బనమే ఆ మూసకు వేడిని తట్టుకునే బలమిచ్చాయని తర్వాత పరీక్షించినవాళ్లు తేల్చారు. మూసలో ఇనుము, కొంచెం గాజు వేసి, మూత పెట్టి, మట్టితో మెత్తి కొలిమిలో పేర్చేవారు. ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఆగకూడదు. దిగిన బిళ్ల మరీ పెళుసుగా ఉంటుంది కాబట్టి మట్టి పూసి మళ్లీ గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. చాలకపోతే ఇంకోసారి, మరోసారి. థర్మామీటరు లేకుండా, మంట రంగు చూసి, బిళ్ల గట్టిదనం చూసి ఇదంతా చేశారు. నా దృష్టిలో ఇది ఏ ప్రయోగశాల పనికీ తీసిపోదు.

వోయ్సీ వెళ్లేసరికి ఆ ఊళ్లో ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హుసేన్ ఉన్నాడు. పర్షియాలో ఈ ఉక్కును చేయాలని ప్రయత్నించి విఫలమయ్యారని ఆయనే చెప్పాడు. ఆ వర్తకుడి పేరు మన దాకా వచ్చింది. తిత్తులూదిన కమ్మరుల పేర్లు రాలేదు. ఈ అన్యాయం నన్ను బాధిస్తుంది.

1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జ్ పియర్సన్ భారతీయ ఉక్కు మీద పత్రం చదివాడు. 1819 నుంచి మైకేల్ ఫారడే అదే ఉక్కును పరీక్షించాడు. వాళ్లు రహస్యం వెతుకుతున్న ఏళ్లలోనే ఇక్కడ గిరాకీ తగ్గింది. కత్తి స్థానంలో తుపాకి వచ్చింది. షెఫీల్డ్ ఉక్కు ఓడల్లో దిగింది. 1856లో బెస్సమర్ పద్ధతి వచ్చాక టన్నుల కొద్దీ చవక ఉక్కు తయారైంది. మూసలో పుట్టే చిన్న బిళ్ల దానితో ధరలో పోటీ పడలేకపోయింది. కమ్మరులు నాగళ్లకు, కొడవళ్లకు మళ్లారు.

పరిశ్రమ అనగానే మనకు పొగగొట్టం గుర్తొస్తుంది. చిక్కడపల్లి నుంచి చూస్తే ఒక వైపు ఆజమాబాద్ ఫ్యాక్టరీలు, మరో వైపు లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 1920 నాటి డీబీఆర్ మిల్లు. వాటి గురించి నగరం మాట్లాడుకుంటుంది. కోనసముద్రానికి పొగగొట్టం లేదు కనుక మాట్లాడేవాళ్లు తక్కువ. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లలో సర్వే చేస్తే వందల చోట్ల ఇనుము తీసిన ఆనవాళ్లు దొరికాయి. ఆ చిట్టెం దిబ్బలకు కంచె లేకపోతే పొక్లెయిన్ ఒక్క పూటలో చదును చేసేస్తుంది.

ఆ జిల్లాల నుంచి వచ్చిన నా విద్యార్థులకు, ఇది చదివే మీకు నా మనవి ఒకటే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చేనులో చిట్టెం గానీ, మూస పెంకు గానీ కనబడితే కదిలించకండి. ఫొటో తీయండి, సర్వే నంబరు రాసుకోండి, ఊరి పెద్దల్ని అడిగి ఆ దిబ్బకు వాళ్లు పిలిచే పేరు రాసుకోండి. పంచాయతీకీ, హెరిటేజ్ తెలంగాణకూ రాతపూర్వకంగా తెలియజేయండి.