వేంగి పొరుగున కోయ: తెలుగు భాషా బంధుత్వ నిర్ణయం

ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి ఒకనాటి వేంగి. 7వ శతాబ్దంలో బాదామి చాళుక్యుల శాఖ ఒకటి అక్కడ పాదుకోవడం వల్లనూ, తెలుగు కన్నడాలు చాలాకాలం ఒకే లిపిలో నడవడం వల్లనూ, తెలుగుకు అతిదగ్గరి చుట్టం కన్నడమేనన్న నమ్మకం చదువరులలో స్థిరపడింది. అయితే లిపి రాజ్యం వెంట నడిచేది; అది భాషల పుట్టుకకు సాక్ష్యం కాజాలదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ప్రకటించిన తెలుగు ధాతువుల పరిశోధన తెలుగును గోండి, కొండ, కుయి, కువి భాషల సరసన చేర్చింది. ఈ శాఖకు దక్షిణ మధ్య ద్రావిడమని పేరు. గోండికి దక్షిణ మాండలికంగా పరిగణించే కోయ బుట్టాయగూడెం, పోలవరం, కుక్కునూరు మన్యంలో, అంటే వేంగికి పొరుగునే, ఉంది.

పోలికలు ఎన్ని ఉన్నా శాఖ ఏర్పడదు. మూలభాష నుంచి విడివడిన తరువాత కొన్ని భాషలు కలిసి పొందిన మార్పులు, అంటే ఉమ్మడి నవకల్పనలు, కావాలి. తమిళంలో ఇరండు, ఉరల్, కన్నడంలో ఎరడు, ఒరళు అని అచ్చుతో మొదలయ్యే మాటలు తెలుగులో రెండు, రోలు అయ్యాయి. మొదటి అచ్చు తన చోటు వదిలి హల్లు ముందుకు వచ్చే ఈ వర్ణవ్యత్యయమే గోండి ‘రండ్’లోనూ కనిపిస్తుంది, తమిళ ‘అవన్’కు ఎదురుగా తెలుగు ‘వాడు’, కొండ భాషలోని ‘వాన్‌ఱు’ నిలవడమూ ఈ కోవలోదే. దీనికి భిన్నంగా, చెవిని తమిళులూ తెలుగువారూ చకారంతోనే పలికినా, కన్నడ ‘కివి’, గోండి ‘కెవి’ పాత కకారాన్ని నిలుపుకొన్నాయి గనుక, ఆ మార్పు రెండుచోట్ల విడివిడిగా జరిగిందనే చెప్పాలి.

ఏకవచనంలో స్త్రీని ‘అది’ అనడం తెలుగు, గోండి రెంటిలోనూ ఉన్నా, కృష్ణమూర్తి దానిని మూలద్రావిడం నుంచి మిగిలిన లక్షణంగానే గ్రహించారు; కాబట్టి ఎంత ఆకర్షణీయమైనా అది శాఖకు ఆధారం కాదు.

ఆఫ్రికాలోని బంటూ భాషల విషయంలోనూ చిక్కు ఇదే. స్వాహిలీలో మనిషి ‘మ్తు’, మనుషులు ‘వాతు’ అయ్యే నామవర్గ వ్యవస్థ బంటూకు ముద్రగా ప్రసిద్ధమైనా, అది నైజర్-కాంగో కుటుంబంలోని ఇతర శాఖలలోనూ ఉంది. 1948లో మాల్కం గత్రీ బంటూ భాషలను అక్షరాలతో గుర్తించిన మండలాలుగా విభజించారు. అవి ప్రధానంగా భౌగోళిక సూచికలే తప్ప వంశవృక్షం కావు. 1963 నాటి గ్రంథంలో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ బంటూను బెన్యూ-కాంగోలో ఒక ఉపశాఖగా చూపి, దాని దగ్గరి బంధువులను నైజీరియా-కామెరూన్ సరిహద్దులో గుర్తించారు.

మన్యంలో నివాసాన్నిబట్టి భాషను నిర్ణయించడమూ ప్రమాదమే. అక్కడి కొండరెడ్ల మాతృభాష తెలుగు. గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల భాషకు స్టీఫెన్ టైలర్ 1969లో ప్రత్యేకంగా వ్యాకరణం వెలువరించారు. సంతలో వినబడే పదజాలాన్ని మాత్రమే లెక్కిస్తే కోయ తెలుగు మాండలికంగానే తేలవచ్చు. కాని ‘నేను’కు బదులు ‘నన్న’ అనే సర్వనామమూ, బహువచనంలో స్త్రీలను పురుషుల సరసన కాక మనుష్యేతరాలతో చేర్చే పద్ధతీ దానిని గోండి పక్షాన నిలుపుతున్నాయి.