మెట్రిక్ మెట్టు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు సర్వీసు అనుభవాలు రాద్దామనుకున్నాను. కాని ఆలోచిస్తే నా సర్వీసంతా ఒక్క సర్టిఫికెట్ మీద నిలబడింది. అది పదో తరగతి సర్టిఫికెట్. బడిలో చదివి తెచ్చుకున్నది కాదు, బడి మానేసిన పదిహేనేళ్లకు ప్రైవేటుగా కట్టి సంపాదించుకున్నది. అలాంటి చదువుకు మన ప్రాంతంలో పెద్ద చరిత్రే ఉంది.

ఇందులో ముందుగా చెప్పుకోవలసినవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమె ఇంగ్లీషు మాధ్యమానికి నిరసనగా చిన్నతనంలోనే బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లివచ్చిన తర్వాత బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి నెగ్గారు. అటుపైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పట్టా, 1942లో మద్రాసులో లా పట్టా పొందారు. తాను పడ్డ పాట్లు ఆమె మరచిపోలేదు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, చదువు ఆగిపోయిన ఆడపిల్లలను మెట్రిక్ పరీక్షకు తయారు చేశారు. అమెరికాలో యుద్ధానికి వెళ్లి చదువు ఆగిన సైనికుల కోసం ఇలాంటి పరీక్ష మొదలైంది 1942లో. అంతకు అయిదేళ్ల ముందే మనవాళ్లు ఆ పని చేస్తున్నారన్నమాట.

1953లో ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఊళ్లలో నర్సులు, టీచర్లు, గ్రామసేవికలు కావాలి. ఆ ఉద్యోగాలకు సరిపడా చదివిన స్త్రీలు లేరు. మరోవైపు చదువు లేక ఉద్యోగం దొరకని వితంతువులు, ఒంటరి స్త్రీలు ఎందరో. ఈ చిక్కు విడదీయడానికి 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు ప్రవేశపెట్టింది. కొన్నేళ్ల బడి చదువును రెండేళ్లకు కుదించి పరీక్షకు పంపేవారు.

ఇక నా సంగతి. 1966లో ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది. పెళ్లయింది. 1978లో మా వారు పోయాక కారుణ్య నియామకం కింద అటెండరు ఉద్యోగం ఇచ్చారు. "పదో తరగతి ఉంటే గుమాస్తా అయ్యేదానివమ్మా" అన్నారు ఒక పెద్దాయన. మరొకాయన "ఈ వయసులో పరీక్షలేమిటి, పిల్లవాణ్ణి చూసుకో" అన్నారు. రెండు మాటలూ మనసులో పెట్టుకున్నాను.

అప్పట్లో శ్రీనగర్ కాలనీలో ఒక అద్దె గదిలో ఉండేవాళ్లం. మా వీధిలోనే ఉండే ఒక టీచరమ్మ గారు పైసా తీసుకోకుండా రాత్రిపూట లెక్కలు చెప్పారు. మొదటిసారి పరీక్షకు వెళితే గుమ్మం దగ్గర మాస్టారు నన్ను చూసి, "పిల్లల తల్లులు బయట కూర్చోవాలమ్మా" అన్నారు. హాల్ టికెట్టు చూపించాను. పాపం, ఆయనే సిగ్గుపడి నా బల్ల దాకా తీసుకువెళ్లారు. ఆ ఏడు లెక్కల్లో తప్పాను. 1981లో పాసయ్యాను.

ఈలోగా మనకు మరో మంచి జరిగింది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలిసింది. ఆచార్య జి. రాంరెడ్డి గారు తొలి ఉపకులపతి. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేర్చుకునేవారు. 1991లో దానికి డాక్టర్ అంబేద్కర్ గారి పేరు పెట్టారు. నేనూ గుమాస్తాగా పనిచేస్తూ, ఆదివారం తరగతులకు వెళ్లి అక్కడే బి.ఏ. పూర్తిచేశాను. సీనియర్ అసిస్టెంటుగా 2011లో రిటైరయ్యాను.

అయితే డిగ్రీకి దారి దొరికినా పదో తరగతి అవసరం తీరలేదు. పుట్టిన తేదీకి రుజువు కావాలన్నా, చిన్న ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా ముందు అదే అడుగుతారు. 1979లో సి.బి.ఎస్.ఇ. ఓపెన్ స్కూలును ప్రయోగంగా ఆరంభించింది. 1989లో అది జాతీయ సార్వత్రిక పాఠశాల అయింది. మన రాష్ట్రంలో 1991లో ఓపెన్ స్కూల్ సొసైటీ ఏర్పడి, దరిమిలా పదో తరగతి, ఇంటర్ కూడా నడిపింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే సొసైటీ వచ్చింది. పదో తరగతిలో చేరడానికి పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. తెలుగులోనే రాయవచ్చు. పాసయిన సబ్జెక్టు పాసయినట్టే ఉంటుంది, తప్పినది మాత్రం మళ్లీ కట్టుకోవచ్చు. మా రోజుల్లో ఇంత వెసులుబాటు ఎక్కడిది?

మా అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య ఏడో తరగతిలో బడి మానేసింది. "ఇప్పుడు చదివి ఏం చేస్తానమ్మా" అంటూనే రెండేళ్ల కిందట ఓపెన్ స్కూల్లో చేరింది. నాలుగు సబ్జెక్టులు అయ్యాయి. లెక్కలు మిగిలాయి. సాయంత్రం గిన్నెల పని అయ్యాక పలకా పుస్తకం పట్టుకుని మా గుమ్మంలో కూర్చుంటుంది. నాకు వచ్చిన నాలుగు లెక్కలూ చెబుతున్నాను. టీచరమ్మ గారి బాకీ ఇలాగైనా కొంత తీరుతుందేమో.

మన సంఘంలో లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు బాగా వచ్చినవారు ఎందరో ఉన్నారు. మనకు పెన్షనూ ఉంది, తీరికా ఉంది. మన ఇళ్లలో, వీధుల్లో పనిచేసేవారిని "ఎంతవరకు చదివావు?" అని ఒక్కసారి అడిగి చూడండి. ఎవరైనా తల వంచుకుంటే, వారికి ఫారం నింపిపెట్టడం దగ్గర మన పని మొదలవుతుంది.