పాత విండోస్ హార్డ్ డిస్కును లినక్స్‌లో తెరవడం

విండోస్‌లో వాడిన పాత హార్డ్ డిస్కులోని ఫైళ్లు లినక్స్ కంప్యూటర్లో తెరుచుకోవాలంటే కేబులూ కుదరాలి, ఫైల్ సిస్టమూ కుదరాలి. డిస్కుకు ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా ఒకటే. అడిగిన సెక్టారులో ఉన్నది అందిస్తుంది, అంతే. ఏ ఫైలు ఏ సెక్టార్లలో ఉందో రాసిపెట్టే పద్ధతే ఫైల్ సిస్టమ్.

2003 ప్రాంతంలో సాటా అనే కొత్త కనెక్షన్ పద్ధతి రాకముందు ఇళ్లలోని కంప్యూటర్లలో ఎక్కువగా 40 పిన్నుల ఐడీఈ డిస్కులే ఉండేవి. వీటిని యూఎస్‌బీ అడాప్టరుతో కలపవచ్చు. 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టుల కరెంటు కూడా కావాలి. మామూలు యూఎస్‌బీ పోర్టు 5 వోల్టులే ఇస్తుంది కనుక విడిగా పవర్ తప్పదు. డిస్కు కనబడకపోతే దాని వెనుక ఉండే చిన్న జంపర్‌ను మాస్టర్ స్థానానికి మార్చి చూడాలి.

ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్కులతో లినక్స్‌కు చిక్కు లేదు. చిక్కంతా 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చిన మరో ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్‌తోనే. దాని లోపలి నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ పూర్తిగా బయటపెట్టకపోవడంతో లినక్స్ ప్రోగ్రామర్లు డిస్కులను పరిశీలించి ఒక్కొక్క అంశమే తెలుసుకున్నారు. ఎంతో ఓపికతో చేసిన ఆ పని వల్ల ఆ డిస్కులను లినక్స్‌లో చదవగలుగుతున్నాం. రాతకు కూడా నమ్మదగిన ఎన్‌టీఎఫ్ఎస్-3జీ డ్రైవరు 2007లో స్థిరరూపానికి వచ్చింది. పారగాన్ సంస్థ ఇచ్చిన మరో డ్రైవరు 2021లో లినక్స్ కెర్నల్ 5.15లో చేరింది.

విండోస్‌ను హైబర్నేట్ చేసి వదిలిన డిస్కును లినక్స్ సాధారణంగా చదవనిస్తుంది గాని రాయనివ్వదు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల మామూలుగా షట్‌డౌన్ చేసినా ఇదే పరిస్థితి. దీన్ని బలవంతంగా దాటకూడదు. చదవగలిగితే చాలు, ముందు కాపీ తీసుకోవాలి. డిస్కు టకటకమంటుంటే, అందులోని సమాచారం విలువైనదైతే, వెంటనే ఆపి డేటా రికవరీ నిపుణులకు ఇవ్వడం మేలు. చప్పుడు లేకుండా అక్కడక్కడా రీడ్ ఎర్రర్లు మాత్రమే వస్తుంటే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం డిస్కును ఇమేజిగా తీసి, ఆ ఇమేజి మీదే పనిచేయాలి.

లినక్స్ డిస్కును విండోస్‌కు కలిపినప్పుడు ఎదురయ్యే ప్రమాదం ఇంతకంటే పెద్దది. లినక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఎక్స్‌ట్4 అర్థంకాక విండోస్ ఫార్మాట్ చేయమంటుంది. ఒప్పుకుంటే ఫైళ్లు పోయినట్టే.

తెలుగువారి డిస్కులకు మరో సమస్య ఉంది. అను ఫాంట్లతో డీటీపీ చేసిన ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు. ఫైలు చక్కగా కాపీ అయినా, ఫాంటు లేకపోతే తెరమీద తెలుగు బదులు పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. అందుకే పాత డిస్కులోని విండోస్ ఫోల్డరు నుంచి ఫాంట్స్ ఫోల్డరునూ కాపీ చేసుకుని, తర్వాత కన్వర్టరుతో యూనికోడ్‌కు మార్చుకోవాలి.