పాత తలుపు మీది సమన్లు: న్యూయార్క్‌లో ఎక్స్‌పార్టీ తీర్పు, జీతం జప్తు

అద్దెదారు ఇల్లు ఖాళీ చేసి వెళ్లాక పాత యజమాని బకాయి దావా వేస్తాడు. సమన్లు పాత చిరునామాకే వెళ్తాయి. వాయిదాకు ఎవరూ రారు, ఎక్స్‌పార్టీ తీర్పు వస్తుంది. జీతంలో కోత పడ్డాక గాని అద్దెదారుకు సంగతి తెలియదు. మిగతా బాకీల దావాల నుంచి దీన్ని వేరుగా చూడాలన్నది ఈ వ్యాసం వాదన. అద్దెదారు ఆ ఇంట్లో లేడని యజమానికి తెలుసు. అద్దె దరఖాస్తు నింపించుకున్ననాడే అతని ఉద్యోగం ఎక్కడో కూడా తెలుసు. సమన్ల దగ్గర మొదటిది పక్కనపెట్టి, జప్తు దగ్గర రెండోది వాడుకుంటే కోర్టు దాన్ని మామూలు పొరపాటుగా తీసుకోకూడదు.

న్యూయార్క్ సివిల్ ప్రొసీజర్ 308వ నిబంధన ప్రకారం, తగినంత ప్రయత్నించినా ప్రతివాది దొరక్కపోతే సమన్లు తలుపుకు అంటించి, ఒక ప్రతి పోస్టులో పంపవచ్చు. పోస్టుకు ఆఖరున తెలిసిన చిరునామా చాలు. తలుపు మాత్రం అతను నిజంగా కాపురముంటున్న ఇంటిదో, పనిచేసే చోటుదో అయి ఉండాలి. ఫైన్‌స్టైన్ వర్సెస్ బెర్గ్నర్ కేసులో (1979) రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఇక్కడే గట్టిగా నిలబడింది. ప్రతివాది అప్పటికే విడిచి వెళ్లిన తల్లిదండ్రుల ఇంటికి అంటించిన సమన్లు చెల్లవంది. ఆ సంగతి తర్వాత అతనికి తెలిసినా లోపం తీరదంది. అసలు ఉంటున్న ఇంటి తలుపైనా సరే, దాన్నే నమ్ముకుంటే చాలదని గ్రీన్ వర్సెస్ లిండ్సేలో (1982) అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు తలెత్తిన లూయీవిల్ ప్రభుత్వ గృహసముదాయంలో పిల్లలు నోటీసులు పీకేస్తుంటారని అంటించేవాళ్లకే తెలుసు.

తీర్పు రద్దు కోరేది 5015వ నిబంధన కింద. "రాలేకపోవడానికి కారణం ఉంది" అంటే, దావాలో గట్టి ప్రతివాదన ఉందని కూడా చూపాలి. తీర్పు ప్రతి అందిన ఏడాదిలోగా అడగాలి. "సమన్లే అందలేదు, కోర్టుకు నామీద అధికారమే రాలేదు" అంటే ఆ రెండు షరతులూ ఉండవు. చాలామంది బకాయి లెక్క తప్పని వాదించడంతోనే మొదలుపెట్టి, బలమైన ఈ రెండో దారిని వెనక్కి నెడతారు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ తొమ్మిదో ఆర్డరు 13వ రూలు తెలిసినవారికి ఈ తేడా కొత్తదేమీ కాదు.

సమన్లు అందలేదని వట్టిగా అనడం సరిపోదు. తేదీలతో ప్రమాణపత్రం ఇవ్వాలి. తాళాలు అప్పగించిన ఈమెయిల్, కొత్త ఇంటి లీజు, కరెంటు బిల్లు జతచేయాలి. వీటన్నిటికన్నా పదునైన సాక్ష్యం యజమాని దగ్గరి నుంచే వస్తుంది. న్యూయార్క్ 2019 అద్దె చట్టం ప్రకారం చాలా అద్దె ఇళ్ల విషయంలో, ఖాళీ చేసిన 14 రోజుల్లో డిపాజిట్‌లో ఏమేం కోసుకున్నాడో అతను పద్దులవారీగా రాసివ్వాలి. రంగుకింత, పగిలిన బేసినుకింత అని లెక్కకట్టి పంపినవాడు అద్దెదారు ఇంకా అక్కడే ఉన్నాడనుకున్నానని చెప్పలేడు. కోర్టుకు సందేహం కలిగితే సమన్లు అంటించిన మనిషిని పిలిపించి విచారిస్తుంది; సమన్లు సక్రమంగా అందాయని నిరూపించే భారం వాదిదే. ఎక్స్‌పార్టీ తీర్పు అడిగేనాడే తాళాలు ఎప్పుడు తీసుకున్నాడో యజమాని చేత ప్రమాణపూర్వకంగా చెప్పించాలని నా ప్రతిపాదన.

ఈలోగా కోత ఆగాలంటే, షోకాజ్ ఉత్తర్వు అడిగేటప్పుడే అమలుపై స్టే కోరాలి. ఫెడరల్ చట్టం నికర జీతంలో 25 శాతం వరకు కోతకు ఒప్పుకుంటుంది. న్యూయార్క్‌లో స్థూల జీతంలో 10 శాతం దాటకూడదు. ఒక బాకీకి జీతం జప్తయిందన్న కారణంతో ఉద్యోగం తీసేయడం ఫెడరల్ చట్టం కింద నేరం. తీర్పు రద్దయితే అప్పటికే కోసిన సొమ్ము తిరిగి ఇప్పించే అధికారం అదే 5015 కింద కోర్టుకుంది. దాన్ని మొదటి దరఖాస్తులోనే అడగాలి. కాలపరిమితి మిగిలి ఉంటే యజమాని మళ్లీ దావా వేయవచ్చు, ఈసారి సరైన చిరునామాకు.