సుల్తాన్లు గెలిచిన చలికాలం

మంట ఎగదొయ్యిండ్రి బిడ్డా, పత్తికట్టె తొందర్గ కాలిపోతది. నిన్న డల్లాస్‌ల ఉన్న మా మనుమడు ఫోన్ల మంచు మీద హాకీ జూపెట్టిండు. కాళ్లకు కత్తులసొంటి బ్లేడ్లు కట్టుకొని జారుకుంట ఆడుతున్నరు. "తాతా, ఇది మా ఊరి టీం" అన్నడు. ఆ మాట ఇనంగనే నాకు 2005 యాదికొచ్చింది. మనకు గూడ ఒక టీం ఉండె, హైదరాబాద్ సుల్తాన్స్ అని.

గప్పుడింక ఐపీఎల్ లేదు. అది మూడేండ్లకు వచ్చింది. ఊర్ల పేర్ల మీద టీంలు కట్టి ప్రీమియర్ హాకీ లీగ్ పెట్టిండ్రు. మొదటి యేడాది ఆటలు గచ్చిబౌలిల, సంక్రాంతి రోజులల్ల మొదలైనయి. జమ్మికుంట మార్కెట్ల పత్తి అమ్మిన పైసలు జేబుల ఉండె. ఇంట్ల చెప్పి భాగ్యనగర్ రైలెక్కిన.

ఆట మొదలైతదనంగ మైదానానికి నీళ్లు కొట్టిండ్రు. "గిదేంది, నారుమడి తడిపినట్టు?" అని పక్కాయన్ని అడిగిన. "అది గడ్డి కాదన్నా, టర్ఫ్. తడి ఉంటెనే బంతి సక్కగ ఉరుకుతది" అన్నడు. మేమేమో చిన్నప్పుడు వంక జూసి తుమ్మకొమ్మ కోసుకొని, పేలికల బంతితోని దుబ్బల ఆడినోళ్లం. గా పచ్చటి తడి మీద బంతి పోతుంటే కండ్లు అప్పగిచ్చి జూసిన. ఆటను రెండు సగాలు కాదు, నాలుగు భాగాలు చేసి ఆడిచ్చిండ్రు. తర్వాత అంతర్జాతీయ పోటీలల్ల గూడ గదే పద్ధతి వచ్చింది.

సుల్తాన్లకు కెప్టెన్ దిలీప్ టిర్కీ, ఒడిశా సుందర్‌గఢ్ బిడ్డ. వెనుక ఆయన నిలవడితే మాకు ధైర్యం. ఇంకో టీం మరాఠా వారియర్స్‌ల ధన్‌రాజ్ పిళ్లై ఉండె. ఆఖరికి షేర్-ఎ-జలంధర్‌ను ఓడగొట్టి, మొట్టమొదటి కప్పు మనోళ్లే ఎత్తిండ్రు. నేనొచ్చి చెప్పిందే తడువు, ఆ యెండకాలమంత మా వాడ పోరగాండ్లు తుమ్మకొమ్మలు పట్టుకొని ఆడిండ్రు.

నాలుగేండ్లే నడిచింది లీగ్. 2008ల ఆగిపాయె. అదే యేడాది చిలీల అర్హత పోటీల బ్రిటన్ చేతిల ఓడి, 1928 నుంచి ఎన్నడు తప్పని ఒలింపిక్స్‌కు మన దేశం హాకీ టీం పోలేకపోయింది. గా రాత్రి నాకు అన్నం సయించలే. హైదరాబాద్ నుంచి ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడిండు గదా, గా ఊరికి టీమే లేకుండ పోయిందని బాధ.

2013ల హాకీ ఇండియా లీగ్ వచ్చింది గని అండ్ల హైదరాబాద్ పేరు లేదు. అది గూడ నడుమల ఆగి మళ్ల మొదలైనంకనే హైదరాబాద్ తూఫాన్స్ వచ్చింది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్ దాక పోయి, బెంగాల్ టైగర్స్ చేతిల 4–3తోని ఓడింది. వాళ్ల జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టిండు. ఓడినందుకు నాకు బాధ లేదు, కొట్లాడి ఓడిండ్రు. కాని ఆ ఫైనల్ జరిగింది రూర్కెలాల. మన పేరు పెట్టుకున్న టీంను ఆ యేడు టీవీలనే జూసిన.

లీగ్ నడిపెటోళ్లకు ఈ ముసలోని మాట ముడితే, గచ్చిబౌలిల ఒక్క మ్యాచన్న పెట్టిండ్రి. గీ పోరగాండ్లందర్ని రైలెక్కిచ్చి నేనే తోల్కొస్త.