పట్టాలు తీసిన కట్టలు: ఇంగ్లండు పీక్ కొండల సైకిల్ దారుల పూర్వచరిత్ర

కొండసీమలో సైకిల్ మీద దూరప్రయాణం చేసేవారిని ప్రధానంగా అలసటకు గురిచేసేవి రెండు: తెరిపి లేని ఎత్తుపల్లాలు, వెనుక నుంచి దూసుకువచ్చే మోటారు వాహనాలు. ఇంగ్లండు నడిబొడ్డున, మాంచెస్టర్, షెఫీల్డ్, డార్బీ నగరాల నడుమ పరచుకున్న పీక్ డిస్ట్రిక్ట్‌లో ఈ రెండు బాధలూ దాదాపు లేని దారులు కొన్ని ఉన్నాయి. మానిఫోల్డ్, హై పీక్, టిస్సింగ్టన్, మాన్సల్ అనే పేర్లతో పిలిచే ఆ దారుల్లో పిల్లలు సైతం జంకు లేకుండా సైకిల్ తొక్కగలరు. అయితే వీటిలో ఒక్కటి కూడా సైకిల్ కోసం పుట్టినది కాదు. సున్నపురాయి, బొగ్గు, పాలు మోయడానికి, మనుషులను ఊరు దాటించడానికి వేసిన రైలు మార్గాలు ఒకటొకటిగా మూతపడి, పట్టాలు ఊడదీసిన తర్వాత మిగిలిన కట్టలే ఇవి. అక్కడి ప్రశాంతతను ప్రకృతి ప్రసాదంగా వర్ణించడం పరిపాటి అయింది గాని, నిజానికి అది ఒక పారిశ్రామిక యుగం తరలిపోయిన చోట ప్రజా సంస్థలు పూనుకొని నిలబెట్టిన ప్రశాంతత.

ఈ ప్రాంతపు దక్షిణ భాగాన్ని అక్కడి తెల్లని సున్నపురాతిని బట్టి వైట్ పీక్ అంటారు. సున్నపురాయి నీటిని పట్టి ఉంచదు. వాన నీరు బీటల గుండా లోపలికి ఇంకిపోవడం వల్ల పైన మైదానం ఎండుగా ఉంటుంది, అడుగున మాత్రం డేల్ అని పిలిచే ఇరుకైన లోయలు నిటారు గోడలతో సాగుతాయి. పాత బాటలు ఆ లోయల్లోకి ఒక్కసారిగా దిగి, అంతే నిటారుగా అవతలి గట్టుకు ఎక్కేవి. ఆరడుగులకు ఒక అడుగు చొప్పున లేచే రోడ్లు అక్కడ ఇప్పటికీ అరుదు కాదు. రైలుకు అటువంటి వెసులుబాటు లేదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద తేలికగా జారిపోతుంది కనుక, ఇంజనీరు మిట్టలను కోసి, పల్లాలను కట్టలతో నింపి, లోయలకు వంతెనలు వేసి, అడ్డం వచ్చిన కొండకు సొరంగం తొలిచి, బరువైన బండి ఎక్కగలిగిన వాలును మాత్రమే మిగిల్చాడు. నేటి సైకిల్ ప్రయాణికుడి కాళ్లకు దొరికే సుఖం ఆనాటి సరుకు బండి కోసం వేసిన లెక్క.

ఆ లెక్క తొలి రోజుల్లో ఎంత విచిత్రంగా ఉండేదో క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వే చెబుతుంది. క్రామ్‌ఫర్డ్ అంటే 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి చక్రంతో నడిచే నూలు మిల్లును స్థాపించిన గ్రామం. మచిలీపట్నం వంటి కోరమండల్ రేవుల నుంచి వెళ్లిన అద్దకపు బట్టలకు బెదిరి 1721లో అద్దకపు నూలు బట్టల వాడకాన్నే నిషేధించిన ఇంగ్లండు, ఆర్క్‌రైట్ విన్నపం మీద 1774లో స్వదేశీ నూలు బట్ట వరకు ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. మన తీరపు నేతకు గట్టిపోటీ తయారైన ఆ ఊరి కాలువ రేవు పక్క నుంచే హై పీక్ సైకిల్ దారి మొదలవుతుందన్న సంగతిని తెలుగు పాఠకులు గమనించదగును. ఆ రేవును పీఠభూమికి అవతల ఉన్న వేలీ బ్రిడ్జ్ కాలువతో కలపాలని మొదట మరో కాలువ తవ్వకాన్నే ఆలోచించారు. అయితే నీరు నిలవని సున్నపురాతి నేల మీద కాలువ నిలవదు కనుక 1825లో రైలు మార్గానికి చట్టం తెచ్చుకున్నారు.

ఇంజనీరు జోసియస్ జెస్సప్ కాలువలు తవ్విన కుటుంబంవాడు; ఆయన ఈ మార్గాన్ని సైతం కాలువలాగే ఊహించాడు. కాలువలో సమతలమైన నీటి మార్గానికీ మరోదానికీ మధ్య పడవను ఎత్తే లాకులు ఉన్నట్లే, ఇక్కడ చదునైన పట్టాల మార్గాల నడుమ 9 చోట్ల ఇంక్లైన్ అనే ఏటవాలు పట్టాలు వేశారు. వాటిలో ఎనిమిదింటి కొసన కదలకుండా ఒకేచోట ఉండే ఆవిరి ఇంజను గొలుసుతో బండ్లను పైకి లాగేది. ఆ గొలుసుల స్థానంలో తర్వాత మోకులు వచ్చాయి. తొమ్మిదో దాన్ని గుర్రాలే నడిపేవి. చదును భాగాల్లో కూడా మొదట గుర్రాలే బండ్లు లాగేవి. 53 కిలోమీటర్ల ఈ మార్గం 1830, 1831 సంవత్సరాల్లో రెండు విడతలుగా తెరుచుకొని, సముద్రమట్టానికి 386 మీటర్ల ఎత్తు దాకా ఎక్కింది. జెస్సప్ మాత్రం 1826లోనే మరణించి, తన పని పూర్తికావడం చూడలేదు.

ఈ దారిలో సైకిల్ ఆపి చూడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. మిడిల్టన్ టాప్ వద్ద, 1829లో బటర్లీ కంపెనీ పోత పోసిన ఆవిరి ఇంజను తన రాతి గదిలో ఇప్పటికీ పదిలంగా ఉంది. 1963 దాకా అది ఎనిమిదింటికి ఒకటి వాలు మీద బండ్లు లాగుతూనే ఉండింది. షీప్ పాశ్చర్ వాలు దిగువన ఒకప్పటి రెండు పట్టాల మధ్య ఒక లోతైన గుంత కనిపిస్తుంది. 1888లో బంధం తెగిన బండ్లు ఆ వాలు మీద జారి, కాలువనూ పక్క రైలు మార్గాన్నీ దాటి అవతల పడిన తర్వాత, అటువంటి బండ్లను మళ్లించి పట్టుకోవడానికి తవ్విన గుంత అది. అందులో ఒక బండి శిథిలం నేటికీ పడి ఉంది. వాలు పాదాన ఉన్న పాత కార్ఖానాలో, మధ్యలో చేప పొట్టలా ఉబ్బినట్లు పోత పోసిన తొలినాటి పట్టాలు వేసిన చోటే ఉన్నాయి. పొడవైన ఉక్కు పట్టా ఇంకా రాని కాలంలో, రాతి దిమ్మెల నడుమ ఆసరా లేని భాగం విరగకుండా అక్కడ ఇనుము ఎక్కువ పోసేవారు. పైన పీఠభూమిలో గాథమ్ వంపు వద్ద మార్గం 50 మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరుగుతుంది. అంత బిగువైన వంపు ఆ దేశపు స్టాండర్డ్ గేజి మార్గాల్లో మరొకటి లేదు, సైకిల్‌కు మాత్రం అది వంపుగా కూడా తోచదు. నీరు లేని ఆ నేల మీది పొలాలకూ ఇంజను గదులకూ కింది నుంచి ట్యాంకుల్లో నీళ్లు మోసినది కూడా ఈ రైలే.

సైకిల్ దారుల చరిత్రకు నేరుగా దారితీసినది మరో చిన్న రైలు. పీఠభూమి పశ్చిమపు అంచున, వేసవిలో నేలలోకి ఇంకి మాయమయ్యే మానిఫోల్డ్ నది వెంట, వాటర్‌హౌసెస్ నుంచి హల్మ్ ఎండ్ దాకా 13 కిలోమీటర్ల నారోగేజి మార్గం 1904లో తెరుచుకుంది. దాని ఇంజనీరు ఎవెరార్డ్ కాల్‌థ్రాప్ అంతకుముందు సోలాపూర్ జిల్లాలో, 1897లో మొదలైన బార్సీ లైట్ రైల్వేను నిర్మించినవాడు. ఆ బార్సీ మార్గం తర్వాత లాతూరు దాకా సాగి నిజాం రాజ్యంలో అడుగుపెట్టింది. ప్రతి చక్రపు ఇరుసు మీదా సమానమైన, తక్కువైన బరువు పడేటట్లు బండ్లను కూర్చితే సన్నని చవక పట్టాలు సరిపోతాయన్నది ఆయన సూత్రం. రెండున్నర అడుగుల అదే గేజిని, ఇంజన్లకు పెద్ద పెద్ద ముందు దీపాలను, వరండా వంటి గుమ్మాలున్న పెట్టెలను ఆయన ఇండియా నుంచి స్టాఫర్డ్‌షైర్ పల్లెకు తీసుకువెళ్లాడు. పెద్ద గేజి బండిని సరుకుతో సహా వీపున ఎక్కించుకుని పోయే చిన్న గేజి వాహనాన్ని కూడా ఆయనే ప్రవేశపెట్టాడు, బ్రిటన్‌లో దాని తొలి వాడకం ఇక్కడే.

రెండు మార్గాల గతి మాత్రం వేరయింది. బార్సీ మార్గం జనంతో, సరుకుతో నిండి ఉండి, క్రమంగా బ్రాడ్ గేజిగా మారి నేటికీ రైళ్లు నడుపుతోంది. మానిఫోల్డ్ రైలు బ్రతుకంతా పాల క్యాన్ల మీద ఆధారపడింది. ఎక్టన్ గ్రామపు పాల కేంద్రం 1932లో మూతపడటంతో, 1934 మార్చిలో రైలు ఆగిపోయింది. అప్పటి యజమాని అయిన ఎల్ఎంఎస్ రైల్వే ఆ కట్టను స్టాఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిల్‌కు అప్పగించగా, పట్టాలు తీసి గట్టి బాట పరిచి 1937లో ప్రజలకు తెరిచారు. మూసివేసిన రైలు కట్టను నడకకూ సైకిల్‌కూ విడిచిపెట్టిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి, అయినా ఆ రంగపు చరిత్రల్లో దీనికి దక్కవలసిన స్థానం దక్కలేదు. దీనిలో ఒక భాగాన్నీ, స్వైన్స్‌లీ సొరంగాన్నీ తర్వాత మోటారు వాహనాలకు వదిలివేయడం విచారకరమైన నిర్ణయం.

ఆ 1937 నాటి చర్య శూన్యంలో పుట్టలేదు. 1878లో హ్యారోగేట్‌లో ఏర్పడి, తర్వాత సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్‌గా పేరు మార్చుకున్న సంఘం ప్రమాదకరమైన వాలుల పైఅంచున హెచ్చరిక పలకలు పాతింది. 1894లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన క్లారియన్ సైక్లింగ్ క్లబ్ సామ్యవాద భావాలతో పాటు సైకిల్‌ను మిల్లు కార్మికుల ఆదివారంలో భాగం చేసింది. మాంచెస్టర్, షెఫీల్డ్ పొగ నుంచి తప్పించుకునే కార్మికులకు పీక్ కొండలు ఊపిరి. వేట భూముల మీద నడిచే హక్కు కోసం 1932 ఏప్రిల్‌లో కిండర్ స్కౌట్ కొండపై మూకుమ్మడిగా అడుగుపెట్టినది ఆ వర్గమే. ఈ ఒత్తిడికి ఫలితంగానే 1951లో పీక్ డిస్ట్రిక్ట్ ఆ దేశపు మొదటి జాతీయ ఉద్యానవనం అయింది.

1963 మార్చిలో వెలువడిన బీచింగ్ నివేదిక దాదాపు 5,000 మైళ్ల రైలు మార్గాల మూసివేతను సూచించింది. రైలు పోయిన పల్లెలకు అది గట్టి దెబ్బ. ముసలివారికీ కారు లేనివారికీ పట్నం దూరమయింది. హై పీక్ మార్గం 1967లో ముగిసింది. ఆష్‌బర్న్ నుంచి ఉత్తరంగా వెళ్లే 1899 నాటి మార్గంలో ప్రయాణికుల రైళ్లు 1954లోనే నిలిచిపోయినా, మంచు కురిసి రోడ్లు మూసుకుపోయిన చలికాలాల్లో ఆ పల్లెలకు రైలే దిక్కయ్యేది. 1968లో వచ్చిన గ్రామసీమల చట్టం అంతవరకు గుర్రాలకూ నడకకూ పరిమితమైన బాటల మీద సైకిల్‌కు హక్కు కల్పించింది. ఆ కట్టలను కొన్న కౌంటీ కౌన్సిల్, ఉద్యానవన సంస్థలు 1971లో 28 కిలోమీటర్ల హై పీక్ దారినీ, ఆష్‌బర్న్ మార్గం మీద 21 కిలోమీటర్ల టిస్సింగ్టన్ దారినీ తెరిచాయి. ఈ రెండూ పార్స్లీ హే వద్ద కలుస్తాయి. ముక్కలుగా అమ్ముడుపోయి ఉంటే ఆ కట్టలు మళ్లీ ఒక్కటయ్యేవి కావు.

మాన్సల్ లోయ కథ వేరు. 1863లో మిడ్‌లాండ్ రైల్వే వై నది మీద 5 కమానుల వంతెన కట్టినప్పుడు, లోయ అందాన్ని నాశనం చేశారని రచయిత జాన్ రస్కిన్ తీవ్రంగా నిరసించాడు. మార్గం 1968లో మూతపడటానికి, ఆ వంతెనే 1970లో రక్షిత కట్టడం కావడానికి మధ్య రెండేళ్లే గడిచాయి. 1981లో దారి తెరిచినా సొరంగాలు భద్రంగా లేవని మూసి ఉంచడంతో, నడిచేవారు కొండల మీదుగా చుట్టు తిరగవలసి వచ్చింది, సైకిల్‌కు దారి తెగిపోయింది. సొరంగాలను బాగుచేసి, దీపాలు పెట్టి 2011 మేలో తెరిచిన తర్వాతే 13.7 కిలోమీటర్ల దారి అతుకు లేకుండా కుదిరింది. లోపల మసి పట్టిన నల్లని గోడల్లో, రైలు వచ్చినప్పుడు పట్టాల పనివారు ఒదిగి నిలిచిన గూళ్లు వరుసగా కనిపిస్తాయి. ఆ సొరంగాలు రెండు జతల పట్టాలకు తొలిచినవి. మాంచెస్టర్‌కూ డార్బీకీ మధ్య రైలు తిరిగి నడపాలని కోరేవారు చూపేది ఆ వెడల్పునే. రోడ్ల మీది రద్దీని తగ్గించాలన్న ఆ కోరిక న్యాయమైనదే, అయితే రైలు వస్తే సైకిల్‌కు మరో దారి చూపవలసి ఉంటుంది, ఆ ఇరుకు లోయలో సొరంగాల పక్కన దానికి చోటు దొరకడం కష్టం.